ఆరోగ్యబీమా - మధుమేహము

“కార్డు లేని యిల్లు లేదు, షుగరు లేని యిల్లును లేదు” అను మాట యీ నడుమ గణపవరము మొదలు తాడేపల్లిగూడెము వరకు నలుగురు గూడిన చోటనెల్ల వినవచ్చుచున్నది. నవ్వులాటకు పుట్టిన మాటయే గాని యందొక ప్రశ్న యిమిడియున్నది. ప్రభుత్వమువారు ఇన్ని యేండ్లుగా ఇన్ని కోట్లు వెచ్చించి యింటింటికి వైద్యబీమా నిచ్చియుండగా ఈ వ్యాధి యేల తగ్గదు? కొంద ఱింకొక యడుగు ముందునకు వేసి, బీమా వచ్చిన పిదపనే జబ్బులు పెరిగినవనియు, ఆస్పత్రులవారే రోగులను పుట్టించుచున్నారనియు ననుచున్నారు. విద్యావంతులు కూడ ఈ మాటకు తల యూచుట చూచి, దీనిని గూర్చి కొంత విపులముగ వ్రాయుట యవసరమని తలంచితిమి.

మొదట లెక్కలు చూతము. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశములో నూటికి 41 కుటుంబములలో మాత్రమే ఒక్కరికైనను ఏదో యొక ఆరోగ్యబీమా గలదు. ఆంధ్రప్రదేశములో మూడింట రెండువంతుల కంటె నెక్కువ కుటుంబములకు గలదు. ఆ సర్వేలోనే పదునైదేండ్లు నిండిన స్త్రీపురుషుల వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి చక్కెర చూచిరి. చక్కెర హెచ్చుగ నున్నవారును, దానికి మందు పుచ్చుకొనుచున్నవారును కలిసి దేశమంతటిలో స్త్రీలలో నూటికి 13.5, పురుషులలో 15.6. ఆంధ్రప్రదేశములో స్త్రీలలో 19.5, పురుషులలో 21.8. బీమాలోను మనమే ముందు, చక్కెరలోను మనమే ముందు. ఇంతమాత్రము చదివినవాడు ఒకటి రెండవదానికి కారణమనుకొనుట వింత కాదు. కాని రాజస్థానమును చూడుడు. నూటికి 88 కుటుంబములకు బీమా గలిగి అందఱి కంటె ముందున్న ఆ రాష్ట్రములో చక్కెర దేశపు సగటు కంటె తక్కువ. కేరళలో బీమా గల కుటుంబములు సగమునకు కొంచె మెక్కువ. చక్కెర మాత్రము స్త్రీలలో 24.8, పురుషులలో 27. మూడు రాష్ట్రములది మూడు దారులు. ఇట్టి సాక్ష్యమును బట్టి యే న్యాయస్థానమును ఎవనికిని శిక్ష వేయదు.

మఱియు నొక సంగతి గలదు. మన గోదావరి జిల్లాల పల్లెలలో ఈ వ్యాధి యెంత గలదో కార్డులు రాకమునుపే కొలిచిరి. జార్జి ఇన్‌స్టిట్యూటువారును, బైర్రాజు ఫౌండేషనువారును మఱికొందఱును కలిసి తూర్పు పశ్చిమగోదావరి గ్రామములలో జరిపిన పరిశోధన యది. 2005లో ఇరువది గ్రామములలో ముప్పదియేండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహ మున్నట్లు తేలినది. పట్టణములలో గాదు, బస్తీలలో గాదు, వరిచేల నడుమ నున్న పల్లెలలో. అంతకు ముందు 2003-04లో 45 గ్రామములలో లక్షా యెనుబదివేల జనములో సంభవించిన మరణములకు కారణములు విచారింపగా మూడింట నొకవంతు గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తనాళముల వ్యాధుల వలననే యని తెలిసినది. ఆరోగ్యశ్రీ పుట్టినది 2007 ఏప్రిలులో. నేరము జరిగిననాటికి ముద్దాయి పుట్టనేలేదు! ఇంతకంటె వేఱు వాదము వలదు.

అట్లయిన వ్యాధి యెక్కడినుండి వచ్చినది? దీనిని మన నేలలోను, మన విస్తరిలోను వెదకవలసియున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ డెల్టా అన్నపూర్ణ యయ్యెను. అన్నము తినుట యిక్కడ గౌరవమునకు గుఱుతు. జొన్నలు రాగులు తినుట లేమికి గుఱుతు. దంపుడుబియ్యమును మరబియ్యము తరిమివేసినది. తెల్లనిదే మంచిదను రుచి స్థిరపడినది. అయినను మన తాతలు మూడుపూటల అన్నమే తినిరి గదా యని యడుగవచ్చును. తినిరి, తిని, నాగలి పట్టిరి, ఊడ్చిరి, కోసిరి, కావిడి మోసిరి. నేడు దున్నుట ట్రాక్టరు వంతు, కోయుట యంత్రము వంతు. కొల్లేటి చుట్టును వరిచేలు చేపలచెరువులు, రొయ్యలచెరువులు కాగా, ఎకరమునకు పదిమంది పనిచేసిన చోట గట్టుమీద మోటారుసైకిలుపై తిరుగువా డొక్కడు చాలును. విస్తరి మాత్రము తాతలనాటిదే. భారతీయుల ఆహారశక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థముల నుండియే వచ్చుచున్నదని భారత వైద్యపరిశోధన మండలివారి దేశవ్యాప్త మధుమేహ పరిశోధన 2025లో తెలిపినది. ఆ పరిశోధనమే 2023లో దేశములో పదికోట్లమందికి పైగా మధుమేహము గలదనియు, పెద్దవారిలో నది నూటికి 11.4 అనియు లెక్కతేల్చినది. తణుకులో 1947లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన పాపమిదియని యొక పెద్దమనుష్యుడు మాతో వాదించెను. పాపము, ఫ్యాక్టరీకి ఈ నింద తగదు. చక్కెర మానితినని చెప్పి రాత్రికి మూడు గరిటెల అన్నము పెట్టించుకొనువా రెందఱు లేరు? వ్యాధికి ‘షుగరు’ అని పేరు పెట్టుటయే మనకు కీడు చేసినది. దోషము కాఫీగిన్నెలో నున్నదని యందఱును నమ్ముచున్నారు. అన్నపుగిన్నె నెవరును అనుమానింపరు.

కావున బీమా వ్యాధిని పుట్టింపలేదు. అయితే బీమాకును వ్యాధి లెక్కకును సంబంధమే లేదా? కలదు, కాని జనులనుకొనునది గాదు. పరీక్ష చేయించుకొన్నవాడే రోగిగ లెక్కకు వచ్చును. చేయించుకొననివానికి వ్యాధి యున్నను లెక్కలో నతడు ఆరోగ్యవంతుడే. అమెరికాలో 2014లో పేదల బీమాయైన మెడికెయిడును కొన్ని రాష్ట్రములు విస్తరించెను, కొన్ని నిరాకరించెను. ఆ సంవత్సరపు మొదటి ఆరునెలలను అంతకు ముందటి సంవత్సరపు ఆరునెలలతో పోల్చి చూడగా, ఆ బీమా గలవారిలో క్రొత్తగ కనుగొనబడిన మధుమేహరోగులు విస్తరించిన రాష్ట్రములలో నూటికి 23 వంతులు పెరిగిరి. నిరాకరించిన రాష్ట్రములలో ఒక్కవంతైనను పెరుగలేదు. ఆరునెలలలో ఆ ప్రజలు మిఠాయి తిని జబ్బు తెచ్చుకొనిరా? లేదు. దాగియున్న వ్యాధి బయటపడినది. అట్టి పెరుగుదలను చూచి సంతోషింపవలసినదే.

కాని ఆ దేశపు అనుభవమే రెండవ పాఠమును గూడ చెప్పుచున్నది. ఓరెగాను రాష్ట్రములో 2008లో లాటరీ వేసి కొందఱు పేదలకు బీమా నిచ్చిరి. రెండేండ్ల తరువాత చూడగా, బీమా దొరికినవారిలో మధుమేహము కనుగొనబడుట పెరిగెను, మందులు వాడుట పెరిగెను, అప్పుల బాధ తగ్గెను; రక్తములోని చక్కెర సగటు మాత్రము చెప్పుకోదగినంత తగ్గలేదు. బీమా మనుష్యుని వైద్యుని గుమ్మము వఱకు తీసికొనిపోగలదు. అటుపై ప్రతిదినము మాత్ర మ్రింగించుట, నడిపించుట, విస్తరి మార్చుట వేఱు పని. ఆ పనికి మన దేశములో ఎవరిని నియమించితిమి?

ఇచట మన బీమా స్వరూపమును విచారింపవలెను. 2007లో మూడు జిల్లాలలో ఆరంభమైన యీ పథకము పేర్లు పలుమారులు మారినవి. ప్రభుత్వము మారినపుడెల్ల బోర్డు మారుట మనకు వాడుకయే. 2020 జనవరి 3వ తేదీని ఏలూరులోనే, మన పశ్చిమగోదావరి జిల్లాను ప్రయోగస్థలముగ గైకొని, 2,059 చికిత్సలకు దీనిని విస్తరించిరి. వైద్యపు ఖర్చు వేయి రూపాయలు దాటినచో ప్రభుత్వమే భరించునని నాడు చెప్పిరి. పిదప చికిత్సల సంఖ్య 3,257కు పెరిగినది. పరిమితి 2023లో కుటుంబమునకు 25 లక్షలయ్యెను. ఇది సామాన్యమైన మేలు గాదు. గుండెకు కోత పడవలసివచ్చిన కౌలురైతు పొలము తాకట్టు పెట్టకుండ ఇంటికి తిరిగివచ్చుట మేము కన్నులార చూచుచున్నాము. ఈ పథకమును వెక్కిరించువారితో మాకు పొత్తు లేదు.

కాని మధుమేహరోగి చరిత్రను ఈ పథకము కన్నులతో చదువుడు. నలువదవయేట వ్యాధి ప్రవేశించినది. నొప్పి లేదు, జ్వరము లేదు, కాబట్టి తెలియలేదు. నలువదియైదవయేట తెలిసినది, ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు ఒక మాత్ర వ్రాసి యిచ్చెను. మూడునెలలు మ్రింగి, తగ్గినదని మానెను. యాబదవయేట చూపు మందగించినది, కండ్లజోడు మార్చెను. అరికాళ్ళు తిమ్మిరెక్కినవి, చెరువుగట్టున గుచ్చుకొన్న గాజుపెంకు తెలియలేదు. పుండు పడినది, ముదిరినది. ఇంతవఱకును ఆ కార్డు అతని పెట్టెలో నిద్రపోవుచునే యున్నది. కాలు తీయవలసిన దినమున కార్డు మేల్కొనును. మూత్రపిండములు చెడి డయాలిసిస్ యంత్రమునకు కట్టుబడిన దినమున కార్డును పనిచేయును, నెలకు పదివేల రూపాయల పింఛనును వచ్చును. రూపాయికో రెండు రూపాయలకో దొరకు మాత్ర, కాలిని కాపాడు మెత్తని చెప్పు, మూడునెలల కొకమాఱు రక్తపరీక్ష, ఏటికొక్కమాఱు కంటిలోపలి పరీక్ష: ఇవి యా చికిత్సల పట్టికకు ఎక్కినవి గావు. వీనిలో కొన్ని ప్రాథమికారోగ్యకేంద్రపు ఖాతాలో నున్నవి, కొన్ని యెవరి ఖాతాలోను లేవు. పదేండ్లలో జరుగవలసిన కాపుదలకు వేలు వెచ్చింపక, పదునొకండవ యేట లక్షలు పోయుచున్నాము.

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున నాలుగైదు దినములలో ఆరువందలమందికి పైగా మూర్ఛలు వచ్చి పడిపోయినపుడు ఏమి జరిగెనో పాఠకులు మరచియుండరు. ముఖ్యమంత్రి వచ్చెను, ఢిల్లీనుండి వైద్యులు వచ్చిరి, నీటిని పాలను రక్తమును పరీక్షించిరి. అట్లు చేయుట న్యాయమే. ఆ పట్టణములోనే ప్రతి సంవత్సరము చక్కెర వలన కాళ్ళు పోయినవారిని, కండ్లు పోయినవారిని ఒక్క దినమున ఒక్క వీథిలో పడుకొనబెట్టగలిగినచో అపుడును ఢిల్లీనుండి వైద్యులు వత్తురేమో. కాని యీ వ్యాధి ఒక్కొక్కని నొక్కొక్క యింటిలో, చప్పుడు లేకుండ పట్టును.

ప్రభుత్వపు కార్డు సంగతి యిట్లుండగా, సొమ్ము చెల్లించి కొనుక్కొను బీమా సంగతి వేఱు. న్యాయవాదవృత్తిలో నుండుటచే మేమీ కాగితములను చూచుట తటస్థించుచున్నది. బీమా యనునది నిశ్చయములేని యాపదకు చేయు ఒడంబడిక. ఇల్లు తగులబడవచ్చును, పడకపోవచ్చును. మధుమేహము నిశ్చయముగ నున్న సంగతి. కావున కంపెనీలు అంతకు మున్నే యున్న వ్యాధికి కొంతకాలము సొమ్మియ్యమని షరతు వ్రాయుదురు. ఆ కాలము నాలుగేండ్ల వఱకు నుండెడిది. 2024 ఏప్రిలు నుండి మూడేండ్లకు మించరాదని బీమా నియంత్రణ సంస్థవారు నియమించిరి. మంచిదే. కాని అసలు చిక్కు మొదటి కాగితములోనే యున్నది. నిడమఱ్ఱు ప్రాంతపు చేపలరైతు ఒకరు కాలి పుండుతో ఆస్పత్రిలో చేరి, కంపెనీ సొమ్ము నిరాకరింపగా మా కడకు వచ్చిరి. ఎనిమిదేండ్లుగా షుగరు గలదు. ఫారములో లేదని యున్నది. ఏల నట్లు వ్రాసితిరని యడుగగా, “ఏజెంటే వద్దన్నాడండి, రాస్తే పాలసీ రాదన్నాడండి” యనిరి. ఆయన కేమి చెప్పగలము? మధుమేహమును మూత్రపిండముల వ్యాధిని దాచి పుచ్చుకొన్న పాలసీపై సొమ్ము రాదని 2009లో సుప్రీంకోర్టు విస్పష్టముగ తీర్పు చెప్పియున్నది. అదే న్యాయస్థానము 2021 డిసెంబరులో మఱియొక తీర్పున, మధుమేహమున్నదని ముందే చెప్పినవానికి గుండెపోటు వచ్చినపుడు పాతవ్యాధి నెపమున కంపెనీ తప్పించుకొనరాదనియు చెప్పినది. రెండు తీర్పులను కలిపి చదివినవారికి దారి తెలియును: ఉన్నదున్నట్లు వ్రాయుడు, ఏజెంటు మాట వినకుడు.

ఇందలి కీడు ఒక్క యింటితో పోవునది గాదు. పరీక్ష చేయించుకొన్నచో కాగితము పుట్టును, కాగితము పుట్టినచో బీమా చెడును అను భయమున, చదువుకొన్నవారే పరీక్షకు వెఱచుచున్నారు. పేదల బీమా దాగిన వ్యాధిని బయటపెట్టగా, అమ్మకపు బీమా బయటపడవలసిన వ్యాధిని దాచుచున్నది. ఒకే జిల్లాలో రెండు బీమాలు రెండు వైపులకు లాగుచుండగా, జిల్లాలో రోగులింతమంది యని యెవరేది చెప్పినను సందేహించి వినవలసినదే.

మందులు లేవా యన్నచో, ఉన్నవి. పదునెనిమిదేండ్ల క్రిందటి నుండి 104 బండి ఊరూరికి వచ్చి రక్తపుపోటును, చక్కెరను చూచి మాత్రలిచ్చుచున్నది. 2023 ఏప్రిలులో ఫ్యామిలీ డాక్టరు విధానమని పేరు పెట్టి, వైద్యుడు నెలకు రెండుమారులు ఊరికి వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఆశా కార్యకర్తలు ముప్పదియేండ్లు దాటినవారిని ఇంటింట పరీక్షించుచున్నారు. సామగ్రియంతయు నున్నది; కుట్టు దారము లేదు. బండివాని పుస్తకము ఒకటి, ఆశాకార్యకర్త ఫోనులో లెక్క మఱియొకటి, ఆస్పత్రి బీమా లెక్క వేఱొకటి. కాలు తీయించుకొని యింటికి వచ్చినవాడు మరునెల బండి కడకు వచ్చెనో లేదో అడుగు నాథుడు లేడు. అడిగినందున ఎవరికిని జీతము పెరుగదు, అడుగనందున ఎవరికిని తరుగదు.

ఇపుడేల యింతగా వ్రాయుచున్నామనిన, 2025 సెప్టెంబరులో రాష్ట్రమంత్రివర్గము సార్వజనీనారోగ్య విధానము నొకదాని నామోదించినది. కుటుంబమునకు రెండున్నర లక్షల వఱకు బీమాకంపెనీలును, ఆపైన 25 లక్షల వఱకు ట్రస్టును భరించుట దాని సారము. 2007లో కంపెనీతోనే మొదలుపెట్టి, ట్రస్టుకు మారి, తిరిగి కంపెనీ కడకు వచ్చుచున్నాము. ఆ మరునెలలోనే బకాయీలు రాలేదని ఆస్పత్రులు ఈ సేవలను కొన్నిదినములు నిలిపివేయుటను చూచిన ప్రజలు, ఏ దారియైన నేమి, వైద్యము దొరికిన చాలునని యనుకొనుట సహజము. కాని దారిని బట్టియే గమ్యముండును. ఏడాదికో మూడేండ్లకో ఒడంబడిక గల కంపెనీకి పదేండ్ల తరువాత తెగబోవు కాలితో పని యేమి? నేడు మాత్ర కొనిపెట్టినవాడొకడు, రేపు దాని లాభము పొందువాడు మఱొకడు అగుచుండగా ఏ వర్తకుడు కొనిపెట్టును? ఇది కంపెనీల దుర్మార్గమని మే మనము. వర్తకపు స్వభావ మంతియే. దానిని సవరింపవలసినది ఒడంబడిక వ్రాయు ప్రభుత్వము.

1946లో భోరు సంఘమువారు తమ నివేదికలో, డబ్బు లేని కారణమున ఎవరికిని వైద్యము లేకుండ పోరాదనియు, రోగము రాకుండ చూచుటయు వచ్చినదానిని నయము చేయుటయు ఒక్క చేతిమీదనే జరుగవలెననియు వ్రాసిరి. మొదటి సగమును బీమా పేరున కొంత నెరవేర్చుకొంటిమి. రెండవ సగము ఆ సంపుటములలోనే మిగిలినది. కావున ప్రభుత్వమువారికి మేము చెప్పునది మూడు మాటలు. కంపెనీలతో చేసికొను ఒడంబడికలో మధుమేహరోగుల మాత్రలు, మూడునెలల రక్తపరీక్ష, కాలి పరీక్ష, కంటి పరీక్ష చికిత్సలుగ చేర్పవలెను. వీనికి చెల్లించు సొమ్ము తెగినకాలికి చెల్లించు దానిలో రవ్వంత. జిల్లాలో మధుమేహము వలన తీసిన కాళ్ళ సంఖ్యను ఏటేట ప్రకటించి, అది తగ్గినచో కంపెనీకి కొంత యెక్కువ, పెరిగినచో కొంత తక్కువ చెల్లించునట్లు షరతు పెట్టవలెను. ఆస్పత్రి లెక్కకును 104 బండి లెక్కకును ముడి వేయవలెను. చౌక బియ్యపు దుకాణములో చిరుధాన్యములు గూడ నియ్యవలెనను కోరిక యొకటి గలదు గాని, అది వేఱొక వారము వ్రాయవలసిన సంగతి.

ప్రభుత్వము వ్రాయువఱకు ఊరకుండనక్కఱలేదు. గణపవరము, నిడమఱ్ఱు, ఉంగుటూరు, ఆకివీడు, కైకలూరు ప్రాంతములలో పఠనమందిరము గల ప్రతి గ్రామమునను ఇద్దఱు స్వచ్ఛందసేవకులు ఈ పని పెట్టుకొనవలెనని కోరుచున్నాము. 104 బండి వచ్చు దినమును ముందునాడు దండోరా వేయింపవలెను. నడువలేనివారిని తీసికొనిపోవలెను. మందు మానినవా రింటికి వెళ్ళి యేల మానితిరని యడుగవలెను. తిట్టుటకు గాదు, కారణము వ్రాసికొనుటకు. బండి రాలేదా, మాత్ర లేదా, తగ్గినదనుకొనిరా, ఆకుపసరువాడు మానిపించెనా? నెలాఖరున పఠనమందిరపు పలకమీద రెండంకెలు వ్రాసిన చాలును: ఊరిలో మందు పుచ్చుకొనవలసినవా రెందఱు, ఆ నెల పుచ్చుకొన్నవా రెందఱు. పేర్లు మాత్రము వ్రాయరాదు, మాకును పంపరాదు. ఆడపిల్లల పెండ్లిండ్లు ఈ మాటతో చెడుట మన ప్రాంతమున నందఱకు తెలిసినదే. అంకెలను, మానుటకు గల కారణములను పంపినచో వచ్చినవానిని వచ్చినట్లే ఈ పుటలో ప్రకటించి, జిల్లా వైద్యాధికారికి ప్రతి నొకదానిని మేమే పంపుదుము.